గాలి లేచిన రోజు జీతం ఎవరిది? సీ కయాకింగ్ కేంద్రాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

సముద్ర తీరాల్లో కయాకింగ్ శిక్షణ కేంద్రాలను, కయాక్ యాత్రలను నడుపుతున్న నిర్వాహకులకు

నమస్కారం.

సీజన్ వెంట తీరం నుంచి తీరానికి మారుతూ, సముద్రం మీద కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం నేర్పి బతికే శిక్షకుల్లో నేనొకరిని. మే నుంచి సెప్టెంబరు దాకా ఉత్తరార్ధగోళంలో, నవంబరు నుంచి మార్చి దాకా దక్షిణార్ధగోళంలో మాకు పని దొరుకుతుంది. దూరం నుంచి చూసేవారికి మేము ఏడాదికి రెండు వేసవులు అనుభవించే అదృష్టవంతుల్లా కనిపిస్తాం. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. అయితే ఆ రెండు వేసవుల మధ్య, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి, జీతం గానీ స్థిరమైన చిరునామా గానీ లేని వారాలు కొన్ని ఉంటాయి. మీ జీతాల పుస్తకంలో ఆ వారాలు ఎక్కడా కనిపించవు. కానీ అవి మీ పడవల్లోకి, మీ దగ్గర డబ్బు కట్టి నేర్చుకోవడానికి వచ్చినవారి మధ్యకు, గాలి లేచిన ఒకానొక ఉదయం నేను తీసుకునే నిర్ణయంలోకి ఎలా వచ్చి చేరతాయో మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను అడగదలచుకున్నది ముందే చెబుతాను. ఈ రోజు పడవలు నీళ్లలోకి దిగకూడదని చెప్పిన శిక్షకుడు ఆ మాట చెప్పినందుకు ఒక్కరోజు కూలి కూడా పోగొట్టుకోకూడదు. ఈ సీజన్ తర్వాత మళ్లీ పిలుస్తారా లేదా, పిలిస్తే ఏ తేదీకి అన్నది సీజన్ ముగియకముందే అతనికి రాతపూర్వకంగా తెలియాలి. ఇవి రెండు వేర్వేరు కోరికలుగా కనిపించవచ్చు. నా అనుభవంలో మాత్రం ఇవి ఒకే తాడుకు రెండు కొసలు.

కొన్నేళ్ల క్రితం జరిగిన ఒక ఉదయం గురించి చెబుతాను. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది అప్రస్తుతం. ఆ సీజన్ మొదలవడానికి ముందు నేను ఏడు వారాలు పనిలేకుండా ఉన్నాను. నిజానికి ఉండవలసింది నాలుగు వారాలే. బుకింగులు ఇంకా అందుకోలేదని, ఇంకో పది రోజులు ఆగమని, తర్వాత మరో పది రోజులు ఆగమని రెండుసార్లు సందేశాలు వచ్చాయి. చివరకు పని మొదలైంది. జీతం దినసరి లెక్క, నీళ్లలోకి దిగిన రోజుకే కూలి. మొదటి వారంలోనే గాలి వల్ల వరుసగా రెండు రోజులు రద్దయ్యాయి. మూడో రోజు ఉదయం ఆరున్నరకు నేను వాతావరణ సూచన చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. భూమి మీద నుంచి సముద్రం వైపు గాలి, పొద్దున గాలి బలాన్ని చెప్పే బోఫర్ట్ కొలమానంలో నాలుగు, పదకొండు గంటల తర్వాత ఐదు. అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల వేగంతో మొదలై 29 నుంచి 38 కిలోమీటర్లకు చేరే గాలి. వచ్చినవారు ఆరుగురు, అందరూ కొత్తవారే.

ఒడ్డున నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేల మీద నుంచి వీచే గాలి చేసే మోసమే అది. కొండ చాటున అల లేవదు, తెడ్డు వేస్తే పడవ వెన్నలో కత్తిలా పోతుంది, నేర్చుకునేవారికి ధైర్యం వస్తుంది. ఆ చాటు దాటిన క్షణం నుంచి గాలి వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు సముద్రంలోకి నెడుతుంది. ఎంత దూరం వచ్చేశామో వెనక్కి తిరిగి చూస్తేగానీ తెలియదు. ఈ సంగతి నేను ప్రతి తరగతిలోనూ మొదటి అరగంటలో చెబుతాను. ఆ రోజూ చెప్పాను. చెప్పి, వాళ్లను తీసుకుని బయల్దేరాను.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాతికొండ పక్కగా మలుపు తిరిగిన కాసేపటికి ఒకాయన పడవ బోల్తా పడింది. ఆయన తడబడకుండా స్ప్రే స్కర్ట్ (నడుము చుట్టూ పడవ నోటిని మూసే గుడ్డ) కొసనున్న పట్టీ లాగి బయటపడ్డారు. నా పడవను ఆయన పడవకు అడ్డంగా పెట్టి, దాని ముక్కును నా ఒడి మీదికి లాక్కుని, లోపలి నీళ్లు ఒంచేసి, తిరగేసి, పక్కన ఆనించి పట్టుకుని ఆయన్ను మళ్లీ ఎక్కించడానికి మామూలుగా రెండు మూడు నిమిషాలు చాలు. ఆ రోజు పది నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఆయన పైకి లేచిన ప్రతిసారీ అల వచ్చి మళ్లీ కిందికి లాగింది. నిమిషానికి అరవై మీటర్ల చొప్పున కొట్టుకుపోయే పడవకు పది నిమిషాలంటే ఆరు వందల మీటర్లు. మిగిలిన ఐదుగురు ఒకరి పడవను ఒకరు పట్టుకుని తెప్పలా ఒక్కచోట చేరారు, ఆ తెప్పా మాతోపాటే ఒడ్డుకు దూరమవుతూ వచ్చింది. తర్వాత నా నడుముకున్న తాడుతో ఆయన పడవను లాగుతూ, మిగతావారిని నా ముందు ఉంచుకుని, ఎదురుగాలిలో వెనక్కి వచ్చాం. వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు పట్టిన దూరానికి వచ్చేటప్పుడు గంటన్నర పట్టింది.

ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం నిర్వాహకుడు నా భుజం తట్టారు. సంఘటన పుస్తకంలో నేను ఒక వాక్యం రాశాను: గాలి అనుకున్నదానికంటే ముందే పెరిగింది. అది అబద్ధం. గాలి సూచనలో చెప్పిన గంటకే పెరిగింది. తొందరపడింది నేను. వరుసగా మూడో రోజు కూడా రద్దు చేస్తే ఆ వారంలో గది అద్దెకు సరిపడా డబ్బు చేతికి రాదన్న లెక్క నా బుర్రలో నడుస్తోంది, ఏడు వారాల ఖాళీ అప్పటికే నా చేతిలో ఏమీ మిగల్చలేదు. ఆ లెక్కను నేను ఆ ఆరుగురిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్లు ఒడ్డునే ఆగిపోయేవారు.

తప్పు నాదే, దాన్ని మీ మీదికి నెట్టడం లేదు. సముద్రం మీద నాయకత్వం వహించే మనిషి తన ఆకలిని ఒడ్డున వదిలి రావాలి. అయితే ప్రతి రోజూ, ప్రతి శిక్షకుడూ ఆ పని చేయగలడన్న నమ్మకం మీద ఒక కేంద్రం భద్రతను నిలబెట్టడం వివేకం కాదు. మీరు లైఫ్‌జాకెట్ కొనేటప్పుడు దాన్ని వేసుకునే మనిషి బాగా ఈదగలడన్న నమ్మకం మీద కొనరు కదా. జీతం విషయంలోనూ అదే ఆలోచన చేయమంటున్నాను.

గాలి గురించి ఒక మాట, ఇది మీకు తెలిసినదే అయినా. గాలి వేగం రెండింతలైతే అది పడవ మీద చూపే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే నాలుగుకూ ఐదుకూ మధ్య కాగితం మీద కనిపించే తేడా చిన్నది, కొత్తవారి చేతుల్లో కనిపించే తేడా పెద్దది. ఇక చల్లటి నీళ్ల సంగతి. ఇక్కడ శిక్షకులందరూ బట్టీపట్టే లెక్క ఒకటుంది: ఒకటి, పది, ఒకటి. నీళ్లలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు చెప్పిన మాట వినేది పది నిమిషాలు, ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. ఆ పది నిమిషాల్లోనే తాడు పట్టుకోవాలి, పడవ ఎక్కాలి, రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్ మీద పిలవాలి. రద్దు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఒడ్డున తీసుకునేది అందుకే. నీళ్లలో పడ్డాక తీసుకునే నిర్ణయాలకు వేళ్లు సహకరించవు.

ఇంతకంటే చాలా పెద్ద ఉదాహరణ మన వృత్తి చరిత్రలోనే ఉంది. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో ఎనిమిది మంది విద్యార్థులు, వారి ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో సముద్రంలోకి వెళ్లారు. మధ్యాహ్నానికి గమ్యం చేరవలసినవారు గాలికి కొట్టుకుపోయి, పడవల్లోకి నీళ్లు చేరి, గంటల తరబడి చల్లటి నీళ్లలో ఉండిపోయారు. విద్యార్థుల్లో నలుగురు చనిపోయారు. ఆ కేంద్రాన్ని నడిపిన సంస్థకు, దాని మేనేజింగ్ డైరెక్టర్‌కు 1994లో కోర్టు శిక్ష విధించింది. 1995లో బ్రిటన్‌లో పిల్లల సాహస కార్యక్రమాల కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

ఇవన్నీ మీలో చాలామందికి తెలిసినవే. నన్ను వెంటాడేది అందులోని మరో వివరం. అంతకుముందు ఏడాది, 1992లో, అక్కడ పనిచేసి మానేసిన ఇద్దరు శిక్షకులు భద్రతా లోపాల గురించి ఆ మేనేజింగ్ డైరెక్టర్‌కు లేఖ రాశారు. ప్రమాణాలు మార్చకపోతే ఎవరి బిడ్డో ఇంటికి తిరిగి రాకపోవచ్చని హెచ్చరించారు. ఆ లేఖ తర్వాత కోర్టులో సాక్ష్యమైంది. దాన్ని వాళ్లు రాయగలిగింది పని మానేశాక. ఇది నా ఊహ మాత్రమే కావచ్చు గానీ, పనిలో ఉండగా అదే లేఖ రాయడం ఎంత కష్టమో, వచ్చే సీజన్‌కు పిలుపు నోటిమాట మీద ఆధారపడ్డ మనిషి అలాంటి లేఖకు పెన్ను తీయడానికి ఎన్నిసార్లు ఆలోచిస్తాడో నాకు తెలుసు. మీ దగ్గర పనిచేస్తున్నవారు మీకు ఎప్పుడూ ఏ ఫిర్యాదూ చేయలేదంటే అంతా సవ్యంగా ఉందని అర్థం చేసుకోకండి. ఎవరిని మళ్లీ పిలుస్తారో మీరు ఇంకా చెప్పలేదు, అంతే.

ఈ ఖాళీ వారాల్లో మేమేం చేస్తామో మీకు పెద్దగా తెలియదనిపిస్తుంది. ఎందుకంటే అడిగినవారు లేరు. గోదాముల్లో పెట్టెలు మోస్తాం, ఈతకొలనుల్లో పిల్లలకు బోల్తా పడి లేవడం నేర్పుతాం, తెలిసినవారి ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో నేల మీద సామాను పరుచుకుని కూర్చుంటాం. ఆ సామాను సంగతే తీసుకోండి. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్‌కు మెడ దగ్గర పలచటి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. ఎండకు, ఉప్పుకు, చెమటకు రెండేళ్లు తిరక్కుండానే అది బూజుపట్టిన కాగితంలా చిట్లుతుంది. చిట్లితే సూట్ లోపలికి నీళ్లు వస్తాయి, నీళ్లు వస్తే అది సూట్ కాదు, సంచి. పాత పట్టీని కత్తిరించి, పాత జిగురును చివరి పొర దాకా గోకి, కొత్తదాన్ని గుండ్రటి గిన్నె మీద ముడతలు లేకుండా సాగదీసి, రెండు అంచులకూ జిగురు రాసి, వేలితో చుట్టూ నొక్కి, ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకుండా వదిలేయాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఓపిక పట్టలేక సాయంత్రమే తీసి చూశాను, మొత్తం పాడైంది, మళ్లీ కొన్నాను. ఇది పని. దీనికి జీతం లేదు. దీని ఫలితాన్ని వాడుకునేది మీ కేంద్రం.

ప్రథమ చికిత్స ధ్రువపత్రం రెండు మూడేళ్లకోసారి గడువు తీరుతుంది. ఆ పరీక్షలు సీజన్‌లో పెట్టరు, పెట్టినా మీరు సెలవివ్వరు. కాబట్టి అదీ ఈ వారాల్లోనే, మా ఖర్చుతోనే. రేడియో లైసెన్సు, ఒక దేశపు శిక్షక ధ్రువపత్రాన్ని మరో దేశం గుర్తించకపోతే మళ్లీ రాయవలసిన పరీక్ష, వీసా కాగితాలు, వీటి గురించి విడిగా మరో లేఖ రాయవచ్చు, ఇక్కడ వదిలేస్తున్నాను. నా సొంత పడవ పొడవు ఐదు మీటర్ల పైచిలుకు, విమానంలో పట్టదు. అందువల్ల నేను ఉన్న ఖండంలో నా పడవ ఉండటం అరుదు. తెడ్డు మాత్రం నాలుగు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకుంటాను. విమానాశ్రయంలో అదేమిటని ప్రతిసారీ అడుగుతారు, ప్రతిసారీ విప్పి చూపిస్తాను.

వీటన్నిటికంటే ముఖ్యమైనది చేతిలోని నేర్పు. ఆరేడు వారాలు నీళ్లకు దూరంగా ఉంటే ముందుగా పోయేది బలం కాదు, నడుములోని ఆ చిన్న స్పందన. అల పక్క నుంచి తగిలినప్పుడు ఆలోచించకముందే మోకాలు పడవ లోపలి అంచును నొక్కడం, తెడ్డు వెనక భాగం నీటిని తాకడం. ఇది వారం రోజులు సాధన చేస్తే తిరిగి వస్తుంది. కానీ పని ఫలానా తేదీకి మొదలవుతుందని నిన్న రాత్రి తెలిసిన మనిషికి ఆ వారం ఎక్కడిది? విమానం దిగిన మరుసటి రోజే ఆరుగురు కొత్తవారిని అప్పగిస్తే, తన చేతి సత్తా ఏపాటిదో ఆ శిక్షకుడు వాళ్ల ముందే మొదటిసారి పరీక్షించుకుంటాడు.

తీరం గురించి కూడా ఇదే చెప్పాలి. ఏ తీరమైనా పటం మీద చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. పోటు ఆరు గంటల పైచిలుకు, పాటు ఆరు గంటల పైచిలుకు, అందులో మూడో గంట, నాలుగో గంటల్లో నీళ్లు అన్నిటికంటే ఎక్కువగా కదులుతాయి, అమావాస్యకూ పున్నమికీ దగ్గర్లో ఇంకా ఎక్కువ. ఈ సూత్రాలు పుస్తకంలో ఉంటాయి. కానీ ఫలానా రెండు రాళ్ల మధ్య పాటు సమయంలో ప్రవాహం వెనక్కి తిరుగుతుందని, ఫలానా ఇసుక తీరంలో దిగాలంటే నీళ్లు నిండుగా ఉండాలని, ఫలానా కొండ చాటున రేడియో పనిచేయదని చెప్పేది ఆ నీళ్లే. కనీసం కొన్ని పోటుపాట్లు విద్యార్థులు లేకుండా వాటి మీద తిరగాలి. ఆ తిరుగుడుకు జీతం ఇచ్చిన కేంద్రాలు నా పదేళ్లలో రెండే రెండు. మిగతాచోట్ల దాన్ని నా సరదాగా లెక్కవేశారు.

మీ వైపు మాట నాకు తెలియదనుకోకండి. గాలి వల్ల రద్దయిన రోజు డబ్బు తిరిగి ఇవ్వవలసింది మీరే, పడవల మీద అప్పు తీర్చవలసింది మీరే, ఆగస్టులో రెండు వారాలు వర్షం పట్టుకుంటే ఏడాది లాభం కొట్టుకుపోయేది మీదే. సముద్రం మా చేతుల్లో లేదు కదా అంటారు. నిజమే. అయితే మీకూ నాకూ ఒక తేడా ఉంది. మీరు అదే తీరంలో పదేళ్లుగా ఉన్నారు. సగటున ఒక సీజన్‌లో ఎన్ని రోజులు గాలికి పోతాయో మీ పుస్తకాల్లో ఉంది. ఆ రోజులను సీజన్ అంతటికీ పరిచి, నా కూలిని వారానికి ఇంత అని ఖాయం చేయగలిగింది మీరు. నేను వచ్చేది ఒక్క సీజన్‌కు. చెడ్డ వారం నా వంతుకే వస్తే దాన్ని సర్దడానికి నాకు రెండో వారం లేదు. నష్టాన్ని మోయగల భుజం మీదుంచాలి గానీ మోయలేని భుజం మీద ఉంచితే, ఆ భుజం ఏదో ఒక ఉదయం బరువు దించుకోవడానికి సముద్రంలోకి దిగుతుంది. నేను దిగాను.

పైగా గాలి లేచిన రోజున పని లేదన్నది సరికాదు. పటం ముందేసుకుని పోటుపాట్ల లెక్కలు నేర్పవచ్చు. చాటుగా ఉన్న నీళ్లలో, నిలబడితే నడుము లోతు ఉన్నచోట, పడవ బోల్తా పడ్డాక బయటికి రావడం సాధన చేయించవచ్చు. పగిలిన పడవ అడుగుకు జిగురూ గాజునారా వేయవచ్చు, గడువు తీరిన సిగ్నల్ టపాసులను ఏరవచ్చు, లాగుడు తాళ్లు విప్పి ఉప్పు కడిగి ఆరవేయవచ్చు. నేర్చుకోవడానికి వచ్చినవారిలో చాలామంది ఆ రోజును రద్దయిన రోజుగా కాక, సముద్రం ఎందుకు వద్దో తెలుసుకున్న రోజుగా గుర్తుపెట్టుకుంటారు. అలాంటి ఒక కేంద్రంలో నేను పనిచేశాను. అక్కడ ఉదయం ఏడు గంటలకు నిర్ణయం శిక్షకుడిదే. పుస్తకంలో తేదీ, పక్కన వెళ్లాం లేదా వెళ్లలేదు అన్న మాట, దాని పక్కన సంతకం. కారణం రాయడానికి గడి లేదు. ఎందుకు లేదని నేను అడిగితే నిర్వాహకురాలు, “గడి పెడితే అందులో ఏం రాస్తే నేను ఒప్పుకుంటానా అని మీరు ఆలోచిస్తారు” అన్నారు. ఆ సీజన్‌లో నేను రద్దు చేసిన రోజులు మిగతా ఏ సీజన్ కంటే ఎక్కువ కాదు. కానీ రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఓడలో పనిచేసే నావికుడి సంగతి చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించి, 2013లో అమల్లోకి తెచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం అతనికి సంతకం చేసిన పని ఒప్పందం ఉండాలి, 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి, ఒప్పందం ముగిశాక అతన్ని ఇంటికి పంపే ఖర్చు ఓడ యజమాని భరించాలి. ఒడ్డు నుంచి పనిచేసే కయాక్ శిక్షకుడు దాని పరిధిలోకి రాడు. మాది ఓడ కాదు నిజమే. కానీ అదే సముద్రం, అదే గాలి. పైగా నావికుడి కింద వేల టన్నుల ఇనుము ఉంటుంది, నా కింద ఉన్నది పాతిక కిలోల ప్లాస్టిక్. ఆ ఒప్పందంలోని హక్కులన్నీ మాకూ కావాలని నేను అడగడం లేదు, ఆ తూకం నాకు తెలుసు. కాగితం మీద ఒక తేదీ, ఒక సంతకం అడుగుతున్నాను.

మాలోనూ లోపముంది. ఏ గాలికీ వెనుదిరగలేదని గొప్పలు చెప్పుకునేది మేమే, ఏ ఊరూ లేని బతుకును స్వేచ్ఛ అని ఫోటోలు పెట్టుకునేది మేమే. మాకు ఇష్టమైన ఒక కథ కూడా ఉంది. 1932లో జర్మనీలో పని పోగొట్టుకున్న ఆస్కర్ స్పెక్ అనే మనిషి సైప్రస్‌లోని రాగి గనుల్లో పని దొరుకుతుందేమోనని మడత కయాక్‌లో డాన్యూబ్ నదిలో బయల్దేరి, గనుల సంగతి పక్కనపెట్టి, భారత తీరం మీదుగా కూడా సాగిపోయి, ఏడేళ్ల తర్వాత 1939లో ఆస్ట్రేలియాకు చెందిన దీవులకు చేరాడు. శిక్షకులు రాత్రిపూట మంట చుట్టూ కూర్చుని ఈ కథ చెప్పుకుంటారు. అది పనిలేని మనిషి కథ అన్న సంగతి ఎవరూ గుర్తు చేయరు. చేరేసరికి యుద్ధం మొదలైందని, జర్మన్ పౌరుడు కాబట్టి అతన్ని పట్టుకుని నిర్బంధ శిబిరంలో పెట్టారని కూడా చెప్పరు.

సీజన్ చివరి వారంలో మీరు మాకు విందు ఇస్తారు, చేతులు పట్టుకుని వచ్చే ఏడాది తప్పక కలుద్దామంటారు. ఆ మాట మీరు మనస్ఫూర్తిగానే అంటారని నేను నమ్ముతాను. కానీ ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఫిబ్రవరిలో రాసిన ఉత్తరానికి ఏప్రిల్‌లో జవాబు వస్తుంది, మేలో తేదీ మారుతుంది. ఆ మధ్యలో వేరే పని ఒప్పుకుంటే మీకు మాట తప్పినవారమవుతాం, ఒప్పుకోకపోతే రెంటికీ చెడతాం. పిలవబోమని సెప్టెంబరులోనే చెప్పినా మాకు మేలే. వద్దన్న మాటను మేము తట్టుకోగలం. ఏ మాటా రాకపోవడం వల్లే పొదుపంతా కరిగిపోతుంది.

కాబట్టి వచ్చే సీజన్ ఒప్పందాలు రాసేటప్పుడు ఈ నాలుగు మాటలు అందులో చేర్చమని కోరుతున్నాను. కూలి వారానికి ఇంత అని ఉండాలి, వాతావరణం వల్ల నీళ్లలోకి దిగని రోజులు అందులో కలిసే ఉండాలి. రద్దు చేసిన కారణంగా ఎవరినీ డ్యూటీ పట్టిక నుంచి తప్పించబోమని ఒక వాక్యం ఉండాలి. మొదటి తరగతికి ముందు ఆ తీరపు నీళ్లను చూసుకోవడానికి జీతంతో కూడిన కొన్ని రోజులు ఉండాలి. మళ్లీ పిలుస్తారో లేదో సీజన్ ముగియడానికి నెల ముందే చెబుతామని, చెప్పిన తేదీ మీ వైపు నుంచి మారితే ఆ రోజుల కూలిలో సగమైనా ఇస్తామని ఉండాలి. దీనికోసం దినసరి రేటు కొంత తగ్గించవలసి వస్తే, నా వరకు నేను ఒప్పుకుంటాను. నాతో పనిచేసినవారిలో చాలామంది ఒప్పుకుంటారని అనుకుంటున్నాను, అందరి తరఫునా మాట్లాడే అధికారం మాత్రం నాకు లేదు.

ఈ లేఖ రాస్తున్న సమయానికి నా తర్వాతి సీజన్‌కు ఇంకా ఐదు వారాలుంది. డ్రై సూట్ మెడ పట్టీ నిన్ననే అతికించాను, గిన్నె మీద ఆరుతోంది. ఈసారి ముట్టుకోలేదు. పని కోసం మూడు కేంద్రాలకు రాశాను, మూడింటినీ ఒకే ప్రశ్న అడిగాను: గాలి వల్ల ఆగిపోయిన రోజుకు జీతం ఉంటుందా? ఒకరు జవాబివ్వలేదు. ఒకరు, మా తీరంలో గాలి పెద్దగా ఉండదు, మీరు దిగులు పడకండి అని రాశారు. మూడోవారు ఉంటుందని ఒక్క ముక్కలో రాసి, ఒప్పందం నకలు జతచేశారు. మిగతా ఇద్దరికంటే వారిచ్చే కూలి తక్కువ. నేను అక్కడికే వెళ్తున్నాను.

భవదీయ,
మీ దగ్గర ఏదో ఒక సీజన్‌లో పనిచేసిన ఒక సీ కయాకింగ్ శిక్షక ఉద్యోగి